విషపు పేజీ

ఎల్ ఆల్టోలో గాలి పలచన.
నాలుగు వేల నూట యాభై మీటర్ల ఎత్తు.
కొత్తవాళ్లు మూడో మెట్టు దగ్గరే ఆగి ఛాతీ పట్టుకుంటారు.
మా సర్వర్లు ఆగవు గానీ
వాటికీ అప్పుడప్పుడు తల తిరుగుతుంది.

ఎక్కడో ఎప్పుడో పేలిన నక్షత్రం తాలూకు పొడి
ఇక్కడికి దిగడానికి అడ్డుండే గాలి తక్కువ.
మెమరీలో ఒక సున్నాని తాకుతుంది,
అది ఒకటవుతుంది.
పగ లేదు, గురి లేదు.

ఒక్క బిట్టు తిరగబడితే చిప్పు తనే సర్దుకుంటుంది.
నాకు చీటీ రాసి పడేస్తుంది:
ఫలానా బ్యాంకు, ఫలానా వరుస, దిద్దేశాను.
రాత్రి డ్యూటీ అంటే ఆ చీటీలు లెక్కపెట్టడమే.
చినికి చినికి గాలివాన అవుతుందేమోనని
ఒకే చోటునుంచి పదో చీటీ రాగానే
ఆ పేజీలో కాపురమున్నవాళ్లని ఖాళీ చేయిస్తాను.

ఒకే మాటలో రెండు బిట్లు తిరగబడితే మాత్రం
దిద్దడం ఎవరి వల్లా కాదు.

బుధవారం తెల్లవారుజాము, మూడూ పన్నెండు.

అరవై నాలుగు కోర్లు
ఎక్కడి పని అక్కడ వదిలేసి నిలబడ్డాయి.
గుమ్మడికాయల దొంగ ఎవరంటే
అన్నీ భుజాలు తడుముకున్నాయి.
నాది కాదు, నాది కాదు, నాది కాదు.
నలభై ఒకటోది మాట్లాడలేదు.

ఆ యంత్రం కడుపులో ఆరు యంత్రాలున్నాయి:
కేబుల్ కార్ల టికెట్లు, నీటి బిల్లులు,
ఐమారా భాషలో మంచు కబుర్లు చెప్పే రేడియో,
ఒక నోటరీ, ఒక బంగాళాదుంపల టోకు వ్యాపారి,
ఆసుపత్రి రక్తనిధి.
ప్రతిదీ సొంత నేలమీద నిలబడ్డాననే అనుకుంటుంది.
కింద నేనున్నానని ఒక్కదానికీ తెలియదు.

పాత కోడు అయితే
ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టేది.
ఒక పేజీ చెడిందని ఆరింటినీ చంపి
మళ్లీ పుట్టించేది.
తెల్లారేసరికి కేబుల్ కార్ల గేటు ముందు జనం, తిట్లు.
పోయినేడు మూడు వారాలు కూర్చుని దాన్ని తిరగరాశాను.

ఇప్పుడు చిరునామా చూస్తాను.
ఆ పేజీకి విషపు గుర్తు పెడతాను.
ఎవరిదో వెతుకుతాను.

రక్తనిధిది.

పక్క కుర్చీలో సెనోబియో తార్కి, చేరి రెండు నెలలు,
కోకా ఆకుని ఈ దవడనుంచి ఆ దవడకి మార్చి అడిగాడు:
"దానికి చెప్పడమెందుకు?
కొత్త పేజీ ఇచ్చి సున్నాలు నింపేస్తే
తెలియను కూడా తెలియదు కదా?"

మంచివాడు. ఎవర్నీ నొప్పించలేనివాడు.
కానీ సున్నా కూడా జవాబే, సెనోబియో.
వాళ్ల పట్టికలో సున్నా అంటే ఓ గ్రూపు.
ఎవరికైనా పనికొస్తుందని
ఏ సంచో తీసి ఎవరికో ఎక్కించేస్తారు.

అతను నమలడం ఆపేశాడు.

చెడ్డ కబురు నేనే పంపాను,
హార్డ్‌వేరు గొంతు అరువు తెచ్చుకుని,
దానికి తెలిసిన చిరునామాలోకి మార్చి.
నా చిరునామాలు దానికి అర్థం కావు.

అది విన్నది.
ఆ పేజీని పట్టుకున్న ఒక్క ప్రోగ్రాముని వదులుకుంది.
డిస్కునుంచి పట్టిక మళ్లీ చదువుకుంది.
కొండ దిగువన ఆసుపత్రిలో
నర్సు ఇలారియా కుసికాంకి ముందు తెర నల్లబడింది.
"పాడు కంప్యూటరు" అని
టీ మీద ఊదుకుంది. నాలుగు సెకన్లు.
జాబితా వచ్చింది.
రేడియో మంచు పడుతుందనే చెబుతోంది అప్పటికీ.

శుక్రవారం ఆరింటినీ
నిద్రపోతున్న పిల్లల్ని బస్సు దింపినట్టు
మెలకువ రాకుండా పక్క సర్వర్లోకి మోశాం.
సెనోబియో ఆ మెమరీ ముక్కని లాగి
అరచేతిలో బరువు చూశాడు.
ఏమీ కనబడలేదు. మచ్చ లేదు, మసి లేదు.
ఇంకా గోరువెచ్చగానే ఉందన్నాడు.
తేదీ రాసి సొరుగులో వేశాడు.

ఇది పదకొండోది.
సొరుగు తెరిచినప్పుడల్లా గలగలమంటాయి.