మొదటి నోటు

చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలో శనివారం కూలి.
తోతాపురి సొనకు పొక్కిన వేళ్లతో
రెండుసార్లు లెక్కబెడతా.

చీటీ, గ్యాసు, చిన్నోడి బూట్లు,
మిగిలితే దేవునికి.
ఇన్నేళ్లూ నా వరస అదే.
మిగిలిందెప్పుడు గనక?

మొన్న జ్వరంతో చేతులాడక కూలబడితే
పక్క పీట మస్తానమ్మ
ముందు నా గంప నింపి
తర్వాతే తన గంప ముట్టింది.
"ఏందక్కా ఇది" అంటే
"సత్తువ ఉండేది ఇప్పుడే గదా,
పొద్దుగూకినాక నీకేం చేసేది" అనింది.

మందిరంలో ఎన్ని ప్రసంగాలు విన్నానో,
ఒక్కటీ ఇట్లా తగల్లేదు.

ఈ పొద్దు కొంగుముడి వేయకముందే,
వేళ్లింకా ఆడుతున్నందుకు,
మొదటి నోటు కానుక కవర్లో పెట్టినా.
బూట్లు వచ్చే వారం.

గడపలో చిన్నోడు
పాత బూటు బొక్కలోంచి బొటనవేలు ఆడిస్తా ఉన్నాడు.
దేవునికైతే ఇన్నేళ్లూ ఏదో ఒకటి చెప్పుకుంటి.
వీడికేం చెప్పేది?