వర్జ్యం లేదు

గవర్నరుపేటలో మా ప్రెస్సుకి మెట్లు పదకొండు.
చలికాలం మొదలైతే చాలు
వచ్చే ఏటి వర్జ్యాలన్నీ ఆ మెట్లమీదుగా
నా బల్లమీదికి ఎక్కి వస్తాయి.
ఇరవై రెండేళ్ళుగా ఎర్రపెన్నుతో
దుర్ముహూర్తాలకి దీర్ఘాలు సరిచేస్తున్నాను.
ఒక్క అంకె తప్పితే
ఎవరి పెళ్ళో ఆగిపోతుందని సిద్ధాంతిగారి భయం.
కామా ఎగిరిపోతుందని నా భయం.

నిన్న మిషను వలి
ప్యాంటు జేబులోంచి ప్రోగ్రెస్ కార్డు తీశాడు.
చెమటకి మూలలు మెత్తబడ్డాయి.
"సువర్చలమ్మా, లెక్కల ఎదురుగా టీచరేదో రాసింది.
షమీనాని అడిగితే చెప్పట్లేదు."

డిస్మల్.
చివరి ఎల్ తోక కిందికి జారి
కాగితం అంచుదాకా పోయింది.

బాగోలేదని అర్థం, అనేసి ఊరుకోవచ్చు.
నాకు చేతకాదు. కొత్తమాట కనబడితే
దాని ఊరూ పేరూ అడగందే అన్నం సయించదు.
బల్లకింద లావుపాటి నిఘంటువు ఉంది,
ఏలూరు రోడ్డు పాతపుస్తకాల కొట్టువాడు
అట్ట లేదని అరవై రూపాయలకిచ్చాడు.
తీసి చూద్దును గదా,
మొదట నవ్వొచ్చింది.

చెడ్డరోజులట. లాటిన్‌లో డీయెస్ మాలీ.
నెలకి రెండు, ఏడాదికి ఇరవై నాలుగు.
ఈజిప్టు సిద్ధాంతులు లెక్కగట్టి పెట్టారని
దొరలు నమ్మేవారట.
ఆ రోజు ప్రయాణం కట్టకూడదు,
వైద్యుడిచేత నెత్తురు తీయించుకోకూడదు.
అంటే వాళ్ళకీ ఓ పంచాంగం,
వాళ్ళకీ నాలాంటిది ఒకత్తి
కొవ్వొత్తి దగ్గర కళ్ళు చికిలించుకుంటూ.

తర్వాత మాట అరిగింది.
రోజులన్న సంగతి అందులోంచి రాలిపోయింది.
మరిచిపోయి డిస్మల్ డే అన్నారు,
చెడ్డరోజుల రోజు!
గేటు తలుపన్నట్టు.
నా దగ్గరికొస్తే ఒకదాన్ని కొట్టేసేదాన్ని.
ఇంకా అరిగి, వానకి అంటుకుంది,
గదులకి, ముఖాలకి,
చివరికి ఏడో తరగతి లెక్కల మార్కులకి.

మన దిగులు ఎక్కడ పుట్టిందో నాకు తెలీదు.
దిగటంలోంచి వచ్చిందని అనుమానం. రుజువు లేదు.
కాని అది పట్టినప్పుడల్లా
ఈ పదకొండు మెట్లే గుర్తొస్తాయి.

వలికి ఇదంతా చెప్పాను.
మిషను చప్పుడులో సగమే విన్నాడు.
"రోజులా?" అన్నాడు. "పిల్ల కాదా?"
కాదు, మొదట రోజులే.

కాసేపు గుడ్డతో రోలరు తుడిచాడు.

బుడమేరు సింగ్‌నగర్‌లోకి వచ్చింది ఆదివారం పొద్దున్న.
నేను దిద్దిన పేజీలో
ఆదివారం రాహుకాలం సాయంత్రం నాలుగున్నరకి.
అది ఆగలేదు.
షమీనా తొమ్మిది రోజులు పక్కింటి మేడమీద
నీళ్ళట్యాంకు నీడన ఉంది.
లెక్కల నోటుబుక్కు ఎండబెడితే
భిన్నాలన్నీ నీలంగా ఒకదాన్లోకొకటి కలిసిపోయాయి.
ఇప్పటికీ కుళాయి చప్పుడికి
నిద్రలో లేచి కూచుంటుందట.
ఇది వలి చెప్పలేదు. వాళ్ళావిడ చెప్పింది.

"ఈ మాట రోజులదని టీచరుకి తెలుసా?"
తెలీకపోవచ్చు.
"మరి మీరు దిద్దండి."

చేతిలో ఎర్రపెన్ను ఉంది.
బడివాళ్ళ కాగితం. దిద్దకూడదు.
పెన్సిలుతో, మాట పక్కన, కనీకనిపించనట్టు
చేర్పు గుర్తొకటి పెట్టి
రోజులు అని రాశాను.
టీచరు చెరిపేస్తే చెరిపేయనీ.
కింద ఉర్దూలో సంతకం చేసి
వలి కార్డు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

రాత్రి ఎనిమిదింటికి ఆషాఢం ఫారం ఎక్కించాం.
ఓ గురువారం ఎదురుగా, వర్జ్యం గడిలో
లేదు అని ఉంది.
ఉంటాయలాంటివి, ఏడాదికి కొన్ని.
వలి ఆ షీటు లాగి లైటుకింద పట్టుకున్నాడు.
సిరా సరిగా పడిందో లేదో చూస్తున్నానన్నాడు.
చాలాసేపు చూశాడు.