రెండు చుక్కలు

నాలుగుంపావుకి పైపు ముందు దగ్గుతుంది.
గాలి, తర్వాత తుప్పు,
ఆ తర్వాతే నీళ్లు.
మొదటి బిందె మెట్ల మీద కుమ్మరిస్తాను,
రెండోది అంట్లకి.
మూడోది వాసన చూసి చెబుతాను.

పంపు మూతికి కట్టిన పాత పంచె ముక్క
విప్పిన ప్రతిసారీ
మడతలో ఏదో కదులుతుంది.
చూడను. ఉతికేస్తాను.

విద్యాధరపురం కొండ మీంచి
కృష్ణ ఎంత దగ్గరో!
చెయ్యి చాపితే ముంచుకోవచ్చనిపిస్తుంది.

చిన్నాడికి విరేచనాలు పట్టుకున్న మూడో రోజు
సచివాలయం నుంచి హైమావతి వచ్చింది,
నూట పన్నెండు మెట్లెక్కి,
చంకలో రిజిస్టరుతో.
గాజు గొట్టంలో మా నీళ్లు పట్టి
రెండు చుక్కలు వేసింది.
పచ్చబడితే మందు కలిసినట్టట.
ఇద్దరం ఎండకెత్తి చూశాం.
పచ్చనేనా?
గడప పసుపు గాజులో పడిందేమో మరి.
"కొద్దిగా ఉంది" అని రాసుకుంది,
నా మొహం చూడకుండా.

ఆయాసపడుతోందని గ్లాసుడు నీళ్లిచ్చాను.
పెదాల దాకా తీసుకెళ్లి ఆగింది.
"కాచినవేనా, అక్కా?"

"కాచినవేనమ్మా, తాగు."

ఆమె మలుపు తిరిగాక
సిలిండరు కదిపి చూశాను.
ఒంటిచేత్తో లేచొచ్చింది.