తొంభై

గ్దీనియా రేవులో పదకొండేళ్లు క్రేను నడిపాను.
నలభై మీటర్ల ఎత్తున, అద్దాల గదిలో కూర్చుని
ఓడల కడుపుల్లోంచి కంటైనర్లు లాగి
అగ్గిపెట్టెల్లా పేర్చేవాణ్ణి.
ఒక మార్చి మధ్యాహ్నం, క్యాంటీన్‌లో,
బీట్‌రూట్ చారు గిన్నెలోకి ముఖం వాల్చేశానట.
పైన కాదు, కింద.
అదృష్టవంతుడివి అన్నారు అంతా.
వారం తిరిగేసరికి నిచ్చెన ఎక్కే హక్కు పోయింది,
కారు తాళాలు మా అక్క బీరువాలోకి పోయాయి.
ఇప్పుడు గోదాములో బోల్టులు లెక్కపెడుతున్నాను.

ఇనుము మాత్రం నన్ను వదల్లేదు.
బేకరీ కింద నేలమాళిగలో మా జిమ్,
గోడలకి చెమ్మ, పైనుంచి రొట్టె వాసన.
మానెయ్యక్కర్లేదు అంది డాక్టరు,
ఒంటరిగా వద్దు,
గొంతు మీదికి బారు వచ్చే పని ఏదీ వద్దు,
అన్నిటికంటే ముందు, నిద్ర.
చివరి మాట మెల్లగా అంది. నేను ఇంకా మెల్లగా విన్నాను.

మా మేనల్లుడు క్సావేరి నా పుట్టినరోజుకి
ఎర్ర డబ్బా తెచ్చాడు. మీద కోపంగా ఉన్న ఎద్దు.
కసరత్తుకి ముందు ఒక చెంచా, ఇక చూసుకో మామయ్యా, అన్నాడు.
మందుల షాపులో పానీ హల్ష్కా కళ్లజోడు పైకి తోసి
పడని చుట్టం రాసిన ఉత్తరంలా చదివింది దాన్ని.
'చెంచాలో నాలుగు కాఫీలున్నాయి.
ఆ కింద ఉన్నదేమిటో నాకూ తెలీదు,
కంపెనీ రహస్యమట.
మీ తలకి రహస్యాలు పనికిరావు, పాన్ వితోల్ద్.'
పొడి సింకులో పోస్తే గులాబి రంగు నురగ వచ్చింది.
డబ్బా గట్టిది. ఎండు పుట్టగొడుగులు పోసుకున్నాను.

నా జోడీ యాగ్నా. చేపల డబ్బాల ఫ్యాక్టరీలో పని.
యంత్రాల హోరు మీదుగా అరిచి అరిచి
గొంతు కొయ్యరంపమైంది.
బారుకి పళ్లేలు తగిలించే ముందు
ప్రతిసారీ ఒకటే ప్రశ్న: మాత్ర? నిద్ర?
వేసుకున్నాను, పోయాను, అనాలి నేను.
అప్పుడే మొదటి పళ్లెం ఎక్కుతుంది.

నవంబరులో సరుకు లెక్కల రాత్రి, తెల్లారి నాలుగింటికి ఇల్లు చేరాను.
సాయంత్రం తను అడిగింది.
వేసుకున్నాను, పోయాను.
మొదటిది నిజం.

నేల మీంచి వంద కిలోలు లేపుతున్నాను.
నాలుగు, అంది యాగ్నా.
ఐదు.
నోట్లో రాగినాణెం రుచి.
ఆరు.
ఏడు అన్న మాట నాకు వినపడలేదు.

చెంప కింద రబ్బరు చాప.
తల కింద హెర్రింగ్ వాసన కొట్టే కోటు.
పక్కకి తిప్పి పడుకోబెట్టారు నన్ను.
ముసలి కొచ్ ఎవరి కోసమో చెక్కగరిటె పట్టుకుని నిలబడ్డాడు,
ఆ గరిటె నా పళ్ల మధ్యకి రాకుండా
అతని ముంజేతిని పట్టుకుని ఉంది యాగ్నా,
రెండో చేతిలో గడియారం.

'ఎన్ని?' అన్నాను.
'తొంభై.'
'నా జన్మలో తొంభై ఎత్తలేదు.'
'సెకన్లు, గాడిదా.'

ఎవరూ నవ్వలేదు. పైన రొట్టె మాడుతున్నట్టుంది.
తన నోటుపుస్తకంలో, నా వరసలో,
వంద పక్కన ఆరు, ఆరు పక్కన తొంభై
ఒకే పెన్సిలుతో రాసి ఉన్నాయి.
మోసం అని ఎక్కడా రాయలేదు.
రాసి ఉంటే తేలికగా ఉండేది.

పదిహేను రోజులకి, డాక్టరు సరేనన్నాక, మళ్లీ దిగాను మెట్లు.
మాత్ర?
వేసుకున్నాను.
నిద్ర?
పక్కింట్లో పసిపాప రాత్రంతా ఏడ్చింది.
నాలుగు గంటలు, అన్నాను.
నాలుగు గంటలే, యాగ్నా.

ఏమీ అనలేదు. తగిలించిన పళ్లేలు
ఒక్కొక్కటే తీసి గోడకి ఆనించింది.
బయట రేవులో క్రేన్ల ఎర్రదీపాలు వెలిగే వేళ,
నా పాత గదిలో ఇంకెవరో కూర్చుని ఉంటారు.
ఖాళీ బారు, ఇరవై కిలోలు.
వంగి పట్టుకున్నాను.

ఒకటి, అంది,
వందకి అన్న గొంతుతోనే.