మరలు

హవల్లీలో మూడో గల్లీ, మెట్ల కింద దుకాణం.
మధ్యాహ్నం ఏసీ నీళ్లు బకెట్లో పడే చప్పుడు,
ఇంకో మాట ఉండదు.

టీపొడి డబ్బాలో నా పదమూడేళ్ల మరలు.
విప్పితే పది, బిగిస్తే తొమ్మిది.
ఎందుకో ప్రతి ల్యాప్‌టాపూ ఒకటి నాకు వదిలి పోయేది.

కీబోర్డుల కింద ఏం దొరికేవో చెప్తే నవ్వుతారు:
ఖుబ్జ్ పొడి, పిల్లి వెంట్రుకలు,
ఒకసారి ఈజిప్టు టీచరమ్మ చెవికమ్మ రాయి.
ఫ్యాన్ల నిండా ఇసుక.
దుమ్ము తుఫాను వెళ్లిన వారం నాకు పండగ.

మొన్న వీధి చివరి విల్లా కుర్రాడు
కొత్తది పట్టుకొచ్చాడు.
అటు తిప్పాను, ఇటు తిప్పాను.
మర లేదు, అతుకు లేదు,
ఒలిచిన గుడ్డులా నున్నగా.
స్క్రూడ్రైవరు చేతిలోనే ఉండిపోయింది.

"లోపలేం లేదు సదీఖ్.
అంతా ఎక్కడో ఉంటుంది, ఇది కిటికీ.
నెలనెలా కట్టాలి."
కట్టకపోతే?
"ఖల్లాస్. నల్ల పలక."
నవ్వొచ్చింది.
నా అకామా సంగతి వాడికేం తెలుసు.

ఇవాళ శుక్రవారం. రాయచోటి చెంగమ్మ వచ్చింది,
మేడమ్ పారేసిన పాత ఇటుకని చున్నీలో చుట్టుకుని.
ఒక కీలు ఊడింది, బ్యాటరీ ఉబ్బింది.
రాత్రి పనయ్యాక ఏదో రాసుకుంటుందట.
ఏమిటని అడగలేదు.

"నెట్టు వద్దన్నా.
యాడికీ పోగూడదు,
దీంట్లోనే ఉండాల."

డబ్బా బల్ల మీద బోర్లించాను.
గలగలమని పదమూడేళ్లు.
దీని కొలతది
ఒకటి ఉండే ఉంటుంది.