మూడో షరతు

కాగితం మీద ఆరు షరతులు, అన్నీ అరవంలో.
గుమస్తా గడగడా చదివి, అర్థమైందా అన్నాడు.
అయిందన్నాను.
కాలేదంటే తమ్ముణ్ణి లోపలే ఉంచుతారు గదా.
అడుగున నా వేలిముద్ర,
అయిదు వేలకు పూచీ.

తమ్ముడు మాలకొండయ్య. అప్పటికి పందొమ్మిదేళ్ళు.
వాడి చేతిలో ఉన్నది సీసానా, పగిలిన సీసానా
తేలడానికి కోర్టుకి రెండేళ్ళు పట్టింది.
మరగతం కొడుకు కన్ను పోవడానికి
రెప్పపాటు చాలింది.

ఒకటి: సోమవారం సోమవారం పదింటికి స్టేషన్లో సంతకం.
రెండు: తాగకూడదు.
మూడు: డి బ్లాకు మెట్లు తొక్కకూడదు,
ఆ తల్లీకొడుకుల ఎదట పడకూడదు.
తక్కినవి నాకు గుర్తులేవు.

జడ్జిగారు పులియాంతోపు ఎప్పుడన్నా చూసుంటే
మూడోది ఎట్లా రాసేవారో.
మాది సి బ్లాకు.
వాళ్ళు బట్టలారేసే తీగ రెండో కొస
మా కిటికీ ఊచకే కట్టి ఉంటుంది.
నీళ్ళ లారీ ఆగేదేమో డి బ్లాకు మెట్ల దగ్గర.

పదకొండు నెలలు వాడు ఆ కిటికీ తెరవలేదు.
కార్పొరేషన్ చీపురు దించి వచ్చి
నీళ్ళు నేనే మోశాను.
వాడు తెలుగులో సంతకం పెడితే
రైటరు నవ్వేవాడు, ఏం రా, జిలేబీ చుట్టావా అని.
చుట్టేవాడు.
నలభై ఆరు వారాలు, నలభై ఆరు జిలేబీలు.

ఆ రాత్రి నాకు జ్వరం.
లారీ పదకొండింటికి వచ్చింది, వానలో, కరెంటు లేనప్పుడు.
అక్కా పడుకో అని రెండు బిందెలు తీసుకుని దిగాడు.
మెట్ల మొదట్లో ఎవరో ముసలామె,
నిండు బిందెతో, మోకాలు మడత పడక.
కాస్త పట్టు నాయనా అంది.
పట్టాడు.
చీకట్లో గొంతులన్నీ ఒకలాగే ఉంటాయంటాడు వాడు.
నేను నమ్మాను. మీరు నమ్మకపోయినా తప్పు పట్టను.

మూడో అంతస్తు.
కరెంటు వచ్చింది.

ఆ కేక మా ఇంట్లోకి వినిపించింది.

తెల్లారకముందే జీపు.
తడి లుంగీ మార్చుకోనిచ్చారు, అంతే.
నీళ్ళ కోసం దిగాడయ్యా అన్నాను స్టేషన్లో.
షరతులో నీళ్ళ మాట లేదమ్మా అన్నాడు ఎస్సై.
తిట్టలేదు. కుర్చీ చూపించాడు.
అప్పుడు భయమేసింది నాకు.
రైటరు రిజిస్టరు తిప్పి
వాడి పేజీకి అడ్డంగా ఎర్రగీత గీశాడు,
జిలేబీ అనలేదు.

మరగతాన్ని తిట్టుకుందామని కూచున్నాను.
నోట్లోకి తిట్టు వచ్చింది కూడా.
కానీ అర్ధరాత్రి, నా గడప ముందు,
నా కొడుకు కన్ను తీసినవాడి మొహం
బల్బు వెలుగులో కనబడితే
నేను మాత్రం ఏం చేస్తాను,
నీళ్ళు తెచ్చావా తండ్రీ అంటానా?

నాలుగో రోజు డి బ్లాకు మెట్లెక్కాను.
నన్ను ఆపే షరతు ఏదీ లేదు.
ఆ బిందె అక్కడే ఉంది, వాడు దించిన చోటే,
నిండుగా.
లారీ రాని మూడు రోజులు,
చెంబుడు నీళ్ళకి జుట్లు పట్టుకునే వీధిలో
ఎవరూ ముట్టుకోలేదు.
పైన దోమపిల్లలు తోకలాడిస్తున్నాయి.

తలుపు సందులోంచి ఆ పిల్లాడు చూశాడు,
మొహం పక్కకి తిప్పి, ఉన్న కన్నుతో.
ఎన్నాళ్ళు వేస్తారంట అన్నాడు.
గురువారం తెలుస్తుందన్నాను.
లోపల్నించి తల్లి, ఎవర్రా అంది.
ఎవరూ లేరమ్మా అన్నాడు.

ఇద్దరం ఆ బిందె వైపే చూస్తూ నిలబడ్డాం.
కింద లారీ హారను మోగింది.
పోమ్మా, లైను పెరిగిపోతుంది, అన్నాడు.