వకారప్పొల్లు

డెబ్భై మూడు వేసవి. గవర్నరుపేట సందులో
రేకుల కప్పు కింద మా ప్రెస్సు.
అరవై రెండో సైన్యం యుద్ధచరిత్ర కంపోజింగుకొచ్చింది.
నాకు పద్నాలుగేళ్లు. అచ్చయిన టైపు గళ్లల్లో సర్దడం నా పని.

మూడో ఫారానికే వ్ అయిపోయింది.
తెలుగువాడికి ఆ పొల్లుతో పనేముంది?
శుభలేఖలకక్కర్లేదు, సినిమా కరపత్రాలకక్కర్లేదు.
కేసు అడుగున ఓ గుప్పెడు, దుమ్ము పట్టి.
ఇక్కడ చూస్తే
చనిపోయిన ప్రతివాడూ వ్‌తోనే ముగుస్తాడు.
సైకిలేసుకుని బీసెంట్ రోడ్డు, అరండల్‌పేట,
ఎక్కడ ట్రెడిల్ చప్పుడైతే అక్కడ దిగి అడిగాను:
"ఓ పది వ్‌లు అరువివ్వండి, అచ్చవగానే తెచ్చిస్తాం."

మీరావలి చేతిలో స్టిక్కు ఓ వాక్యం దగ్గర ఆగింది.
"నది గడ్డకట్టడమంటే?"
కృష్ణ ఇసకైపోవడం చూశాడతను,
బరాజు గేట్ల కింద ఎర్రగా దూకడం చూశాడు.
ప్రూఫులు దిద్దే భూషయ్యగారు కళ్లజోడు తీసి
డిసెంబరు నడిమిదాకా వోల్గా గట్టిపడలేదనీ,
అప్పటిదాకా మంచుపలకల మధ్యే పడవలనీ,
రొట్టె, తూటాలు ఇటు, గాయపడ్డవాళ్లు అటు అనీ చెప్పారు.
అందలేదు.
రైవస్ కాలవ గట్టున ఐసు బండి ఆపి
ఊక తుడిచి దిమ్మ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు,
బండివాడు తిట్టేదాకా.
వెనక్కొచ్చి ఏమీ అనలేదు. తడివేళ్లలో సీసం జారుతోంది.

మృతుల జాబితా గ్యాలీ తీశాం.
పేరు పేరునా దిగుతూ భూషయ్యగారి వేలు
అడుగున ఆగింది.
షేక్ మస్తానొవ్.

"ఎవరితను? మూలంలో లేడే!"

"మా అన్నండి. ఆ యుద్ధంలోనే. బర్మాలో.
తెల్లోళ్ల తరఫున పోయాడు.
టెలిగ్రాములో కూడా పేరు తప్పే పడింది.
వ్ ఒకటి మిగిలితేనూ…"

భూషయ్యగారు పద్ధతి మనిషి.
కన్నతండ్రి రాసిందైనా తప్పు తప్పే.
ఎర్రసిరాతో పేరు మీద అడ్డంగా గీశారు.
మధ్యాహ్నం అన్నానికి వెళ్లలేదు.
దీపాలు పెట్టే వేళకి
ఆ కాగితమే మళ్లీ లాక్కుని
గీత కింద చుక్కలు పెట్టుకుంటూ పోయారు,
ఒకటీ, ఒకటీ.
మా ప్రెస్సు భాషలో చుక్కలంటే: ఉండనీ.

అరువు వ్‌లన్నీ కిరసనాయిలుతో కడిగి
లెక్క చూసి ఇచ్చేశాను.
అరండల్‌పేట ఆయనకి ఒకటి తక్కువొచ్చింది.
వారం పాటు తిట్టాడు.